ఉఫిట్సీ గ్యాలరీ రివ్యూ: ఒక్క గది కోసమైనా వెళ్ళవచ్చు

నమస్కారం. అసలు విషయంలోకి వెళ్ళే ముందు ఒక మాట. మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ విగ్రహం ఈ మ్యూజియంలో లేదు. అది ఇదే ఊళ్ళో అకాడెమియా అనే వేరే గ్యాలరీలో ఉంది. ఉఫిట్సీ పక్కన కూడలిలో నిలబడి ఉన్నది నకలు. మా నాన్నగారు ఆ నకలుకే పదకొండు ఫోటోలు తీసి, లోపలికి వచ్చాక అసలుది ఏ గదిలో ఉందని ప్రతి మలుపులోనూ అడిగారు. మీకు ఆ శ్రమ లేకుండా ముందే చెబుతున్నాను.

మనం ఉన్నది ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో. ఉఫిట్సీ అంటే ఇక్కడి భాషలో ఆఫీసులు. నగరాన్ని ఏలిన కోజిమో డి మెడిచి తన అధికారులందరినీ ఒకే చోట కూర్చోబెట్టాలనుకున్నాడు. 1560లో పని మొదలైంది. అంటే ఇంత దూరం వచ్చి, డబ్బు కట్టి, వరుసలో నిలబడి మనం చూసేది ఒక పాత సచివాలయం! దాన్ని కట్టడం మొదలుపెట్టిన జార్జో వసారి స్వయంగా చిత్రకారుడు. పైగా తోటి చిత్రకారుల జీవితాలను పుస్తకంగా రాసినవాడు. ఆయన చెప్పిన కబుర్లు మధ్యలో వస్తాయి, పేరు గుర్తుపెట్టుకోండి.

నేను వెళ్ళినప్పుడు టికెట్టు 25 యూరోలు. ముందుగా సమయం ఖాయం చేసుకుంటే ఇంకో 4. నేను మాత్రం అధికారిక వెబ్‌సైటు అనుకొని మధ్యవర్తుల సైటు ఒకదానిలో కొని, దాదాపు రెట్టింపు కట్టాను. తొందరపాటు నాదే. మీరు వెబ్‌సైటు చిరునామా ఒకటికి రెండుసార్లు చూసుకోండి. ట్రైపాడ్, సెల్ఫీ కర్ర లోపలికి తీసుకెళ్ళనివ్వరు. ఫ్లాష్ లేకుండా ఫోటోలు తీసుకోవచ్చు. ఈ దృశ్యాలన్నీ చేత్తో పట్టుకొని తీసినవే కాబట్టి కాస్త వణుకుతాయి, మన్నించండి.

చూడటం పై అంతస్తు నుంచి మొదలవుతుంది. మెట్లు చాలా ఉన్నాయి. మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు. అక్కడివారిని అడిగితే లిఫ్టు చూపించారు. పైకి చేరగానే పొడవాటి నడవా, రెండు వైపులా పాలరాతి విగ్రహాలు, తలెత్తితే రంగుల పైకప్పు. చాలామంది ఇక్కడే అరగంట గడిపేస్తారు. మీరు ఆగకండి. నేరుగా మొదటి గదుల్లోకి వెళ్ళండి.

ఇదిగో, ఇదీ ఆ గది. మూడు గోడలకు మూడు పెద్ద చిత్రాలు. మూడింటిలోనూ మరియమ్మ సింహాసనం మీద, ఒడిలో బాల యేసు, చుట్టూ దేవదూతలు, వెనుక బంగారు పూత. ఒకటి చిమాబూయే గీసింది, ఒకటి దూచో గీసింది, మూడోది జొత్తో గీసింది. దూచో చిత్రం నాలుగున్నర మీటర్ల ఎత్తు ఉంటుంది. పైపైన చూస్తే మూడూ ఒకటే అనిపిస్తుంది. నేను కెమెరా సర్దుకుంటూ ఉంటే మా అమ్మ, "ఆ రెండింట్లో అమ్మవారిని సింహాసనానికి ఆనించి నిలబెట్టినట్టుంది, ఈవిడ ఒక్కతే కూర్చుంది" అంది. ఈవిడ అంటే జొత్తో మరియమ్మ. దగ్గరికి వెళ్ళి చూశాను. నిజమే! బట్ట కింద మోకాళ్ళు తెలుస్తున్నాయి. పిల్లవాడి బరువు ఒడిలో ఆనింది. పెదవులు కొంచెం విడి, పళ్ళు లీలగా కనిపిస్తున్నాయి. మిగతా రెండింట్లో దేవదూతలు ఒకరి మీద ఒకరు పేర్చినట్టు ఉంటారు. ఇక్కడ ఒకరి వెనుక ఒకరు నిలబడ్డారు, ముందువారి తల వెనుకవారికి అడ్డం వచ్చింది. దూచో చిత్రానికీ దీనికీ మధ్య పాతికేళ్ళు కూడా గడిచి ఉండకపోవచ్చు. బొమ్మకు బరువు వచ్చిన క్షణం ఇదే అనిపించింది నాకు. పునరుజ్జీవనం, అంటే యూరప్ కళ కొత్త మలుపు తిరిగిన ఆ కాలం గురించి ఎన్ని వ్యాసాలు చదివినా అర్థం కానిది ఈ గదిలో అయిదు నిమిషాలు నిలబడితే అర్థమవుతుంది. విచిత్రమేమిటంటే, గదిలో మాతో కలిపి తొమ్మిది మందే ఉన్నారు.

మిగతా జనమంతా ఎక్కడున్నారంటే, ఇదిగో, బొత్తిచెల్లి అనే చిత్రకారుడి గదిలో. ప్రేమదేవత బొమ్మ 'వీనస్ జననం' ముందు ఎత్తిన ఫోన్ల వరుస చూడండి. నేను ఇరవై నిమిషాలు ఆగితే ముందుకు వెళ్ళే వీలు చిక్కింది. సుమారు 1485 నాటి చిత్రం, దాదాపు రెండు మీటర్ల ఎనభై సెంటీమీటర్ల వెడల్పు, గుడ్డ మీద గుడ్డు సొనతో కలిపిన రంగులు. ఇందాకటి జొత్తోను మనసులో ఉంచుకొని ఈ వీనస్ పాదాలు చూడండి. ఆలుచిప్ప అంచున అలా ఒరిగి ఎవరైనా నిలబడగలరా? మెడ మరీ పొడుగు, ఎడమ భుజం జారిపోయింది. రెండు వందల ఏళ్ళు కష్టపడి తెచ్చుకున్న బరువును ఈయన కావాలనే వదిలేశాడు. గాలి ఊదితే తేలిపోయే మనిషి కావాలి ఆయనకు. అదే గదిలోని 'ప్రిమవేరా', అంటే వసంతం, నాకు ఇంకా ఎక్కువ నచ్చింది. కాళ్ళ దగ్గర పూలన్నీ వేటికవే గుర్తుపట్టేలా గీశాడు.

లియొనార్దో డా విన్సీ చిత్రాల్లో 'జ్ఞానుల ఆరాధన' సగంలో ఆగిపోయింది. 1481లో ఒప్పుకొని, పూర్తి చేయకుండా మిలాన్ వెళ్ళిపోయాడు. గోధుమరంగు గీతల్లో గుర్రాలు, ముఖాలు, మెట్లు కలగాపులగంగా ఉంటాయి. పూర్తయిన చిత్రాల కంటే దీని ముందే ఎక్కువసేపు నిలబడ్డాను, ఎందుకంటే ఆలోచన ఎలా సాగిందో ఇందులోనే కనిపిస్తుంది. గురువు వెరోక్యో గీసిన 'క్రీస్తు బాప్తిస్మం'లో ఎడమ చివరి దేవదూత కుర్ర లియొనార్దో చేతి పని. అది చూసి సిగ్గుపడిన గురువు మళ్ళీ రంగులు ముట్టలేదని మన వసారి రాశాడు. నాకైతే ఇది కట్టుకథలాగే తోస్తుంది, కానీ ఆ దేవదూతను చూస్తే అలాంటి కథ ఎందుకు పుట్టిందో తెలుస్తుంది.

గుండ్రటి చట్రంలో ఉన్నది మైకెలాంజెలో పవిత్ర కుటుంబం. దోని అనే వ్యాపారి గీయించుకున్నాడు. బేరం సంగతి కూడా వసారే చెప్పాడు. మైకెలాంజెలో 70 డ్యూకట్లు అడిగితే దోని 40 పంపాడట. ఇతను డబ్బు తిప్పి పంపి, వంద ఇవ్వు, లేదా బొమ్మ తిరిగి ఇవ్వు అన్నాడు. సరే 70 తీసుకో అని దోని దిగివస్తే, ఇప్పుడు 140 అన్నాడు. చివరికి 140 కట్టాల్సి వచ్చింది. మరియమ్మ చేతుల కండలు చూస్తే, ఇది గీసింది శిల్పి అని వేరే చెప్పక్కర్లేదు.

కింది అంతస్తులో కరవాజ్జో డాలు మీద గీసిన మెడూసా (గ్రీకు కథల్లో పాముల జుట్టు రాక్షసి) తల, ఆర్తెమీజియా జెంతిలెస్కీ గీసిన జూడిత్ ఉన్నాయి. పాత కథలోని జూడిత్ శత్రు సేనాపతి గొంతు కోస్తున్న ఆ దృశ్యంలో రక్తం చిందుతుంది, చిన్న పిల్లలుంటే ముందుగా చూసుకోండి.

ఇవన్నీ ఒక్క ఊళ్ళో ఎలా మిగిలాయంటే, మెడిచి వంశంలో చివరి వారసురాలు ఆనా మరియా లువీజా వల్ల. 1737లో ఒప్పందం రాయించింది, కుటుంబ కళాసంపదలో ఏదీ ఫ్లోరెన్స్ దాటిపోకూడదని. మన సాలార్‌జంగ్ మ్యూజియం చూసినవారికి ఒక కుటుంబం సేకరణ ఊరి సొత్తు కావడం కొత్తేమీ కాదు. 1993 మే నెలలో గ్యాలరీ పక్క వీధిలో మాఫియా కారు బాంబు పేల్చింది. పసిపాపతో సహా అయిదుగురు చనిపోయారు, మూడు చిత్రాలు పూర్తిగా నాశనమయ్యాయి. వారి జ్ఞాపకార్థం ఆ వీధిలో ఇప్పుడు ఒక ఆలివ్ చెట్టు ఉంది. ఈ సంగతి తెలియక మేము మొదట దాని ముందు నుంచే వెళ్ళిపోయాం, మళ్ళీ వెనక్కి వచ్చాం.

ఇంకో జాగ్రత్త. 2025 జూన్‌లో ఒకాయన చిత్రంలోని మనిషిలా నిలబడి ఫోటో దిగబోయి, వెనక్కి తూలి ఆ చిత్రాన్నే చింపాడు. వెనుకకు నడుస్తూ ఫోటోలు తీయకండి.

నా లెక్కలో అయిదుకు నాలుగున్నర. ఆ తగ్గించిన అర మార్కు బొత్తిచెల్లి గదిలోని తోపులాటకు. చేతిలో మూడు గంటల సమయం లేకపోతే వెళ్ళకండి, లోపల అయిదు గంటలకు మించి తిరిగితే కళ్ళు పనిచేయవు. ఉదయం తలుపులు తీసే వేళకు, 8:15కు, అక్కడ ఉండండి. సోమవారం సెలవు. మేము మొదటిసారి వెళ్ళింది సోమవారమే.