32 కేబీలో ఇమిడిన గుహలు

అందరికీ నమస్కారం.

'తెలుగు' అనే మాటను ఇవాళ ఫోన్‌లో దాచుకుంటే సాధారణంగా 18 బైట్లు పడుతుంది. దాని గురించి మనలో ఎవరికీ దిగులు లేదు. 1980ల మొదట్లో బ్రిటన్‌లోని ఆస్టిన్ కుటుంబానికి మాత్రం ఒక్కో బైటూ లెక్కే. పీట్, మైక్, నిక్ అనే ముగ్గురు అన్నదమ్ములు ఇంటి కంప్యూటర్లకు ఆటలు రాసి, తామే అమ్మేవారు. వాళ్ల కంపెనీ పేరు లెవెల్ 9.

వాళ్లు చేసినవి అడ్వెంచర్ ఆటలు. మొదట్లో వాటిలో బొమ్మలు ఉండేవి కావు. మీరు ఎక్కడున్నారో, ఎదురుగా ఏముందో తెర మీద మాటల్లో వస్తుంది. 'గో నార్త్' అనో, 'టేక్ ల్యాంప్' అనో మీరు టైప్ చేస్తే కథ ముందుకు కదులుతుంది. ఈ తరహా ఆటలకు మూలపురుషుడు విల్ క్రౌథర్ అనే అమెరికన్ ప్రోగ్రామర్. గుహల్లో తిరగడం ఆయనకు ఇష్టం. 1970ల నడుమ తన కూతుళ్ల కోసం ఒక గుహల ఆట రాశాడు. 1977లో డాన్ వుడ్స్ దాన్ని ఇంకా పెంచాడు. అయితే అది యూనివర్సిటీల్లో, కంపెనీల్లో ఉండే పెద్ద మెషీన్ల మీద నడిచే ఆట. ఇంట్లో టీవీకి తగిలించుకునే చిన్న కంప్యూటర్‌లో అది పట్టదు.

పట్టించాలని పీట్ ఆస్టిన్ పంతం పట్టాడు. అసలు ఆటలో ఉన్న చోట్లన్నీ ఉండాలి, పైగా తాను కొత్తగా కలిపిన 70 చోట్లు కూడా ఉండాలి. ఉన్న జాగా 32 కేబీ, అంటే సుమారు 32 వేల బైట్లు. ఇప్పుడు మనం వాట్సాప్‌లో పంపుకునే ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు.

ఎలా చేశారో కాస్త దగ్గరగా చూద్దాం. ఇంగ్లీషులో 'ది' (the) అనే మాటకు మూడు అక్షరాలు, వెనక ఖాళీతో కలిపి నాలుగు బైట్లు. ఒక బైటుకు 256 విలువలు ఉంటాయి, మామూలు అక్షరాలకూ గుర్తులకూ కలిపి వాటిలో సగం కూడా అక్కర్లేదు. మిగిలిన వాటిలో ఒకదాన్ని ఈ నాలుగింటికీ కలిపి గుర్తుగా పెట్టేస్తే సరి. ఆ మాట 500 సార్లు వస్తే 1,500 బైట్లు మిగులుతాయి. ఇలాగే పదే పదే వచ్చే అక్షరాల గుంపులన్నింటినీ ఏరి, ఒక్కోదానికి ఒక్కో గుర్తు ఇస్తూ పోవాలి. మన అమ్మమ్మలు డబ్బాలో జంతికలు సర్దినట్టు, సందు కనిపిస్తే అందులో ఇంకొకటి.

నాకు వాళ్ల మీద గౌరవం కలిగింది ఇక్కడే. ఆ రోజుల్లో చిన్న మెషీన్ల కోసం వచ్చిన చాలా ఆటల్లో వర్ణన అంటే రెండు మూడు ముక్కలే. జాగా లేదు కాబట్టి మాటలు కోసేసేవారు. ఆస్టిన్లు మాటల్ని కోయలేదు, మాటలు పట్టే జాగాను కుదించారు. ఆడేవాడికి నిండు వాక్యం అందాలన్న పట్టుదల అది.

రెండో తెలివి ఏ-కోడ్. పీట్ తానే తయారు చేసుకున్న భాష ఇది. ఆటను ఒక్కసారి అందులో రాస్తే చాలు. ఒక్కో మెషీన్‌కు దాన్ని చదివి నడిపించే చిన్న ప్రోగ్రామ్ ఒకటి విడిగా ఉంటుంది. మొదట నాస్కామ్, ఆ తర్వాత స్పెక్ట్రమ్, బీబీసీ మైక్రో, కమొడోర్ 64... మార్కెట్లోకి కొత్త మెషీన్ వస్తే ఆట మళ్లీ మొదటి నుంచి రాసే పని లేదు. మనుషులు తక్కువున్న ఇంటి కంపెనీకి ఇది ప్రాణాధారం. అమ్మకం పోస్టులో.

1983లో వచ్చిన స్నోబాల్ నాకు అన్నింటికంటే ఇష్టం. జనాన్ని గడ్డకట్టించి నిద్రపుచ్చి, మరో నక్షత్రం వైపు తీసుకెళ్తున్న ఓడ. అందులో కిమ్ కింబర్లీ ఒక్కతే మేలుకుంటుంది. 7,000 చోట్లు ఉన్నాయని ప్రకటన. నిజమే, కానీ ఎక్కువ భాగం ఒకేలా ఉండే ఫ్రీజర్ నడవలు, రంగుల కోడ్‌తో గుర్తుపట్టాలి. అంకె కోసం చేసిన గారడీ అని కొందరంటారు. నేనలా అనుకోను. అంతమంది నిద్రపోతున్న ఓడలో ఒంటరిగా తిరుగుతుంటే, ఎటు చూసినా అదే గోడ కనిపించాలి. ఆ భయం అక్కడిదే.

1986లో రెయిన్‌బర్డ్ అనే ప్రచురణ సంస్థ లెవెల్ 9 పాత ఆటల్ని మూడేసి ఆటలున్న రెండు సెట్లుగా తెచ్చింది. అప్పటికే అమిగా, అటారీ ఎస్‌టీ అనే కొత్త కంప్యూటర్లు వచ్చేశాయి. మెమరీ పుష్కలంగా దొరికే మెషీన్లలో మాటల్ని కుదించే నేర్పుకు గిరాకీ లేదు. కొనేవాళ్లకు బొమ్మలు కావాలి, మౌస్ కావాలి. 1989 నాటి స్కేప్‌ఘోస్ట్ వాళ్ల చివరి అడ్వెంచర్. తర్వాత దారి మార్చి, బ్రిటిష్ పాలన నాటి మన దేశం నేపథ్యంగా ఛాంపియన్ ఆఫ్ ది రాజ్ అనే వ్యూహపు ఆట కూడా చేశారు. 1991లో కంపెనీ మూతపడింది.

మూతపడినా ఆటలు పోలేదు, ఏ-కోడ్ వల్లే. ఆట ఏ ఒక్క మెషీన్‌నూ అంటిపెట్టుకుని లేదు కదా. దాన్ని చదివి నడిపించే ప్రోగ్రామ్‌ను అభిమానులు ఇప్పటి కంప్యూటర్లకు రాసిపెట్టారు. నా ల్యాప్‌టాప్‌లో ఉంది.

లైట్లు కాస్త తగ్గించండి బాబూ. ఇదిగో స్నోబాల్. శవపేటిక లాంటి ఫ్రీజర్ పెట్టెలో కిమ్ కళ్లు తెరిచింది. ఏం టైప్ చేయమంటారో మీరే చెప్పండి.