దొరికిన తాబేలును ఇంటికి తెచ్చుకోవచ్చా?

[దృశ్యం: పొద్దున్నే మహేంద్రతనయ ఒడ్డు. వెనక పర్లాకిమిడి ఇళ్లు. మాట్లాడే మనిషి గట్టు మీద కూర్చుని ఉన్నాడు.]

అందరికీ నమస్కారం. పోయిన వారం మా అన్నయ్య కూతురు అమెరికా నుంచి ఫోను చేసింది. నార్త్ కరోలినాలో ఉంటారు వాళ్లు. "చిన్నాన్నా, పెరట్లో తాబేలు దొరికింది. పిల్లలు దాన్ని వదిలిపెట్టడం లేదు. అట్టపెట్టెలో పెట్టి ఉంచాం. పెంచేసుకుందామా? మన శ్రీకూర్మం గుళ్లో ఉంటాయి చూడు, అంత ముద్దుగా ఉంది" అంది.

ఫోటో పంపమన్నాను.

[దృశ్యం: గోధుమరంగు డిప్ప మీద పసుపు, నారింజ చారలున్న తాబేలు ఫోటో.]

ఇదిగో, ఇదే. దీన్ని అక్కడ బాక్స్ టర్టిల్ అంటారు. పెట్టె తాబేలు అనుకోండి. పొట్టకింది చిప్పకి మధ్యలో కీలు ఉంటుంది, మన పెట్టె మూతకి ఉన్నట్టే. భయం వేస్తే తల, కాళ్లు, తోక లోపలికి లాక్కుని ముందు సగం, వెనక సగం రెండూ పైకెత్తి బిగించేసుకుంటుంది. గట్టిగా బిగించిన దానిలో గడ్డిపరక కూడా దూరదు. పెరిగినది మన అరచేతి అంత ఉంటుంది, పన్నెండు నుంచి పదిహేను సెంటీమీటర్లు. నార్త్ కరోలినా ప్రభుత్వం 1979లో దీన్నే తమ రాష్ట్ర సరీసృపంగా ప్రకటించుకుంది.

మనకి తెలుగులో నీళ్లలో ఉన్నదానికీ నేలమీద తిరిగేదానికీ ఒక్కటే మాట, తాబేలు. అందుకే మా పిల్ల శ్రీకూర్మం తాబేలుతో పోల్చింది. శ్రీకూర్మంలో ఉన్నవి నక్షత్ర తాబేళ్లు, పూర్తిగా మెట్ట జీవులు, గడ్డీ ఆకులూ వాటి మేత. ఈ పెట్టె తాబేలు కూడా నేలమీదే బతుకుతుంది కానీ, వంశం మాత్రం చెరువు తాబేళ్లది. వానపాములు, నత్తలు, పుట్టగొడుగులు, రాలిన పళ్లు అన్నీ తింటుంది. చూడ్డానికి ఒకేలా ఉన్నాయని ఒకదానికి పెట్టే మేత ఇంకోదానికి పెడితే ప్రాణం మీదికి వస్తుంది.

మా పిల్లకి నేను ముందు అడిగింది ఒకటే. "అమ్మా, అది సరిగ్గా ఎక్కడ దొరికింది? జాగా గుర్తుందా?"

ఎందుకు అడిగానో చెప్తాను. ఈ వీడియోలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇదే.

[దృశ్యం: చేత్తో గీసిన పటం. ఒక ఇల్లు, ఒక చెరువు, మధ్యలో చిన్న వలయం.]

1944లో మేరీల్యాండ్ రాష్ట్రంలో, పటక్సెంట్ అనే చోట, లూసిల్ స్టికెల్ అనే శాస్త్రవేత్త పెట్టె తాబేళ్లను గమనించడం మొదలుపెట్టారు. డిప్ప అంచుల్లో చిన్న గాట్లు పెట్టి, ఏది ఏదో గుర్తుపట్టేలా చేసి, దొరికిన చోటల్లా రాసుకున్నారు. ఒక్కో తాబేలు తిరిగే నేల సగటున ఎంత ఉందంటే, ఈ చివర నుంచి ఆ చివరకి సుమారు 100 మీటర్లు. అంటే మా వీధి రామాలయం నుంచి చెరువు గట్టు దాకా. బతుకంతా ఆ కాస్త నేలే. పదేళ్లకొకసారి చొప్పున తర్వాత కూడా అక్కడే లెక్కలు తీశారు. మొదట్లో గాటు పెట్టిన తాబేళ్లు కొన్ని దశాబ్దాల తర్వాత కూడా అదే నేలలో దొరికాయి.

ఆ 100 మీటర్లలో ఏ చెట్టు కింద పళ్లు ఎప్పుడు రాలతాయో, వాన వెలిసాక నీళ్లు ఏ గుంతలో నిలుస్తాయో, చలికాలం ఏ ఆకుల కింద మట్టి తవ్వుకుని దూరాలో దానికి తెలుసు. తాబేలు తన ఇల్లు వీపు మీద మోసుకుపోతుందని మనం చిన్నప్పటి నుంచీ అంటున్నాం. అందుకే ఎక్కడ పెట్టినా దానికి ఇల్లే కదా అనుకుంటాం. వీపు మీద ఉన్నది దాని ఒళ్లు. ఇల్లు మాత్రం ఆ నేల. పది కిలోమీటర్ల అవతల మంచి అడవి ఉంది కదా అని తీసుకెళ్లి వదిలేసినా, చాలా తాబేళ్లు అక్కడ కుదురుకోవు. పాత చోటు వెతుక్కుంటూ నడుస్తాయి. నడుస్తూ రోడ్ల మీదికి వస్తాయి.

మన గంజాం తీరం వాళ్లకి దీన్ని ఎక్కువ వివరించక్కర్లేదు. రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర సముద్రపు తాబేళ్లు, ఆలివ్ రిడ్లేలు, వేలకు వేలు వచ్చి గుడ్లు పెట్టడం చూసినవాళ్లే మీరంతా. సముద్రం అంతా తిరిగి మళ్లీ తను పుట్టిన తీరానికే వస్తుంది. వాటి జాతే అంత. పెట్టె తాబేలుకి ఆ తీరం పెరట్లోనే ఉంది, అంతే తేడా.

ఇంకో సంగతి ఉంది. "ఒక్కటి తీసుకెళ్తే ఏమైపోతుంది చిన్నాన్నా, అడవిలో బోలెడు ఉంటాయి కదా" అంది మా పిల్ల. తాబేలు లెక్క కోడి లెక్క లాంటిది కాదు. పెట్టె తాబేలు గుడ్లు పెట్టే వయసుకి రావడానికే ఏడు నుంచి పదేళ్లు పడుతుంది. పెడితే ఒక్కో విడతకి మూడు నుంచి ఆరు గుడ్లు. వాటిలో చాలామటుకు నక్కలూ, రకూన్లనే అక్కడి చిన్న అడవి జంతువులూ తవ్వి తినేస్తాయి. పుట్టిన పిల్లలకి మొదటి కొన్నేళ్లు ఆ మూత కూడా సరిగా బిగుసుకోదు. పిల్లల్లో ఏవో కొన్నే పెద్దవవుతాయి. కానీ పెద్దదైందంటే ముప్పై, నలభై, యాభై ఏళ్లు బతికి ఏటా గుడ్లు పెడుతూనే ఉంటుంది. ఆ జాతి నిలబడేది అలా బతికిన ముసలి ఆడవాటి మీదే. మన పెరట్లోకి నడిచొచ్చేది, మన కంటపడేది కూడా సరిగ్గా ఆ పెద్దవే. ఒక వీధిలో నలుగురు ఏటా ఒక్కోటి ఇంట్లోకి తెచ్చుకుంటే పదేళ్లలో ఆ అడవిముక్కలో ఏం మిగులుతుందో ఆలోచించండి. పటక్సెంట్‌లో ఎవరూ పెద్దగా అడవి కొట్టకపోయినా 1955 తర్వాత లెక్కల్లో తాబేళ్లు తగ్గుతూనే వచ్చాయి.

[దృశ్యం: ఖాళీ సిమెంటు తొట్టి.]

ఇప్పుడు నా సంగతి చెప్తాను. ఇది చెప్పకుండా ఈ వీడియో చేస్తే తప్పు అవుతుంది.

నాకు పదకొండేళ్లప్పుడు వరి కోతల తర్వాత మా పొలం పక్క గెడ్డలో, అంటే చిన్న వాగులో, ఒక బురద తాబేలు దొరికింది. మెత్తటి డిప్ప, పొడుగు మెడ, పందిముక్కు. వెనక కాళ్లు లోపలికి లాక్కుంటే వాటి మీద రెండు చర్మపు రెక్కలు మూసుకుంటాయి. అదీ ఒకరకంగా పెట్టె తాబేలు లాంటిదే, మన దేశపుది. గోనెసంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను. నూతి దగ్గర బట్టలు నానబెట్టే సిమెంటు తొట్టిలో వేశాను. రోజూ అన్నం మెతుకులు, ఒక్కోసారి చపాతీ ముక్క. మొదటి వారం తిన్నది. తర్వాత కళ్లు వాచాయి. తెరవలేకపోయింది. నీళ్లు మార్చాను, పసుపు రాశాను, దేవుడికి దణ్ణం పెట్టాను. మూడో నెలలో ఒకరోజు పొద్దున్న తల బయటపెట్టి అలాగే ఉండిపోయింది. మా నాన్న ఏమీ అనలేదు. జామచెట్టు కింద గొయ్యి తవ్వి పెట్టారు.

ఆ కళ్లు ఎందుకు వాచాయో నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మేతలో విటమిన్ ఏ లేకపోతే తాబేలు కనురెప్పలు వాస్తాయి. కళ్లు కనపడకపోతే అది మేత ముట్టదు. ఆకలితో పోతుంది. నేను పెట్టిన అన్నంలో ఆ విటమిన్ లేదు. గెడ్డలో అది తినే నత్తలు, కప్పలు, చచ్చిన చేపల్లో ఉంది.

ఇంకా ఉంది. తాబేలు డిప్ప అంటే కవచంలాగా తొడుక్కున్నది కాదు. వెన్నెముక, పక్కటెముకలు కలిసిపోయి తయారైన ఎముక అది. దాన్ని తాకితే దానికి తెలుస్తుంది. డిప్పకి బెజ్జం పెట్టి తాడు కట్టడం అంటే ఎముకకి బెజ్జం పెట్టడమే, దయచేసి చెయ్యకండి. ఆ ఎముక గట్టిగా ఉండాలంటే సున్నం కావాలి, ఒంట్లో సున్నం నిలవాలంటే ఎండలోని అతినీల కిరణాలు కావాలి. గాజు కిటికీ వెనక పెడితే ఎండ కనిపిస్తుంది గానీ ఆ కిరణాల్లో అవసరమైనవి గాజు దాటి రావు. అమెరికాలో ఇంట్లో పెంచేవాళ్లు ప్రత్యేకమైన లైటు పెట్టి, వేడిచోటు ఒకటీ చల్లచోటు ఒకటీ చేసి, తడి ఆరని మట్టి పరిచి, సంవత్సరాల తరబడి చూసుకోవాలి. అట్టపెట్టె చాలదు. పైగా తాబేళ్ల ఒంటి మీద సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు. చిన్న పిల్లలు తాబేలుని నోట్లో పెట్టుకుని జబ్బు పడుతున్నారని 1975లోనే అమెరికా ప్రభుత్వం నాలుగు అంగుళాల కన్నా చిన్న తాబేళ్ల అమ్మకం ఆపేసింది. కాబట్టి ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడగండి, అంతే. దానికి భయపడనక్కర్లేదు.

చట్టం సంగతి త్వరగా చెప్పేస్తాను. అమెరికాలో ఒక్కో రాష్ట్రానికి ఒక్కో నియమం. అక్కడున్న మనవాళ్లు వాళ్ల రాష్ట్ర వన్యప్రాణి శాఖని అడిగి తెలుసుకోవాలి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, 2022లో సవరించారు. మన గెడ్డల్లో దొరికే ఆ బురద తాబేలు, మెట్టల్లో ఉండే నక్షత్ర తాబేలు రెండూ మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పులి ఉన్న షెడ్యూల్లోనే. పట్టుకున్నా, ఇంట్లో ఉంచుకున్నా, కొన్నా నేరమే. మూడు నుంచి ఏడేళ్ల జైలు, జరిమానా కనీసం 25,000 రూపాయలు. "మేం ప్రేమగా పెంచుకుంటున్నాం సార్" అంటే చట్టం ఒప్పుకోదు.

వాస్తు కోసం, లక్ష్మి వస్తుందని నక్షత్ర తాబేలు దొంగతనంగా కొనేవాళ్లు మన పర్లాకిమిడిలోనూ పాతపట్నంలోనూ ఉండరని నేను అనలేను. ఇరవై గోళ్ల తాబేలు ఉంటే డబ్బు రెట్టింపు అవుతుందని మోసం చేసే ముఠాలూ ఉన్నాయి. అడవిలో ఏరి, సంచుల్లో కుక్కి, బస్సుల్లోనూ విమానాల్లోనూ తరలిస్తారు. దారిలో చచ్చేవి ఎన్నో. 2019లో అంతర్జాతీయ వ్యాపారాన్ని పూర్తిగా నిషేధించాల్సి వచ్చిందంటే ఆ తాబేలు మీద ఎంత దాడి జరిగిందో చూడండి. కూర్మావతారం అని దణ్ణం పెట్టే చేతులు మనవి. ఆ చేతులతోనే దాన్ని సంచిలోంచి కొనకండి.

అక్వేరియం దుకాణంలో చెవి దగ్గర ఎర్రచార ఉన్న పచ్చ తాబేలు పిల్ల కనిపిస్తుంది, రూపాయి బిళ్ల కన్నా కొంచెం పెద్దది. అది అమెరికా తాబేలు. కొన్నేళ్లకి అన్నం కంచం అంత అవుతుంది, ముప్పై ఏళ్లు బతుకుతుంది. విసుగొచ్చి చెరువులో వదిలితే మన తాబేళ్ల మేతా ఎండకాచుకునే చోటూ లాక్కుంటుంది. ప్రపంచంలో అతి చేటు చేసే 100 పరాయి జాతుల పట్టికలో అది ఉంది. ఇప్పటికే కొన్నవాళ్లు చచ్చేదాకా మీరే చూసుకోండి. చెరువులో మాత్రం వదలకండి.

[దృశ్యం: తారురోడ్డు. వాన పడి వెలిసింది.]

రోడ్డు దాటుతూ కనిపిస్తే ఏం చెయ్యాలి? వానాకాలంలో ఇది మనకి రోజూ ఎదురయ్యేదే. ముందు మీ బండి పక్కకి ఆపి, వెనక వచ్చే లారీలు చూసుకోండి. తాబేలు మొహం ఎటు ఉందో చూడండి. రెండు చేతులతో డిప్ప వెనకభాగం పట్టుకుని, నేలకి దగ్గరగానే ఉంచి, అటువైపుకే దాటించి దించండి. తిరగేయకండి, తోక పట్టుకుని ఎత్తకండి. వచ్చిన వైపుకి తిప్పి పెడితే మళ్లీ రోడ్డెక్కుతుంది. బురద తాబేలు మెడ చాలా దూరం తిరుగుతుంది, గట్టిగా కరుస్తుంది, వేళ్లు జాగ్రత్త. డిప్ప పగిలినట్టు ఉంటే చెరువులో వెయ్యకండి, మునిగిపోతుంది. గాలి ఆడే పెట్టెలో శుభ్రమైన గుడ్డ మీద పెట్టి, దొరికిన చోటు రాసుకుని, ఫారెస్టు రేంజి ఆఫీసుకి తీసుకెళ్లండి. డిప్ప ముక్కలు ఊడిపడితే అవి కూడా ఏరి తీసుకెళ్లండి, అతికించగలిగే డాక్టర్లు ఉన్నారు.

మా పిల్ల సాయంత్రమే దాన్ని కంచె మూల, అది దొరికిన ఆ పొద కిందే దించింది. పిల్లలు ఏడ్చారు. నేను వాళ్లకి ఒక పని చెప్పాను. పెట్టె తాబేలు డిప్ప మీది చారలు ఒకదానివి ఒకదానికి కలవవు, మన వేలిముద్రల్లాగే. ఫోటో తీసి తేదీ రాసి పెట్టుకోమన్నాను. మళ్లీ వస్తే పోల్చి చూడమన్నాను. ఇప్పుడు పిల్లలు రోజూ కంచె మూలకి వెళ్లి చూసి వస్తున్నారట. గడ్డి కోసే యంత్రం నడిపే ముందు వాళ్ల నాన్న కూడా ఆ మూల ఒకసారి నడిచి చూస్తున్నాడట.

[దృశ్యం: పాత ఊరి నుయ్యి. పైనుంచి లోపలికి కెమెరా.]

చివరికి ఇది చూపించాలి. ఇది మా అమ్మమ్మగారి ఊరి నుయ్యి. మన వైపు నూతిలో తాబేలు వేస్తే పురుగులు తిని నీళ్లు శుభ్రంగా ఉంచుతుందని నమ్మకం. ఎవరో మంచి మనసుతోనే వేసి ఉంటారు. ఆ లోపల చూడండి, ఆ రాయి పక్కన, కదులుతోంది. తనకి ఊహ తెలిసినప్పటి నుంచీ ఉందని మా పెద్దమ్మ అంటుంది. అక్కడ ఎండ పడేది మధ్యాహ్నం కాసేపే. ఒడ్డు లేదు. ఒకవేళ ఆడదైతే గుడ్డు పెట్టడానికి చారెడు మట్టి లేదు. చుట్టూ రాతిగోడే. ఇన్నేళ్లూ ఈ గోడలోపలే తిరుగుతోంది.

ఊళ్లో పెద్దలు ఒప్పుకున్నారు. నూతి నీళ్లు ఇప్పుడెవరూ తాగడం లేదు కూడా. ఆదివారం ఫారెస్టు గార్డు వస్తానన్నారు. ఇన్నేళ్లు నూతిలో ఉన్నదాన్ని నేరుగా చెరువులో వదలొచ్చా, ముందు డాక్టరు చూడాలా అనేది వాళ్లే చెప్తారు. మా పెద్దమ్మ కొడుకు వెడల్పాటి వెదురుబుట్టకి నాలుగు తాళ్లు కట్టి సిద్ధం చేశాడు. బుట్టలో ఒక చేపముక్క పెట్టి ముందురోజు రాత్రే నీళ్లలోకి దించుతాం.