కొలతల గదికి కరెంటు బిల్లు ఎవరు కట్టాలి?

అధ్యక్షులు గారికి, షిఫ్టు మధ్యలో వీలు చేసుకుని వచ్చిన బాలానగర్, సనత్‌నగర్, జీడిమెట్ల యూనిట్ల యజమానులకు, వెనక వరుసల్లో ఉన్న ఐటీఐ పిల్లలకు నమస్కారం.

కరపత్రంలో నా ప్రసంగానికి "పారిశ్రామిక పరిశోధన - ప్రభుత్వ నిధులు" అని పేరు పెట్టారు. అది చూసి, ఇదేదో సైంటిస్టుల వ్యవహారం, మనకెందుకులే అనుకున్నవాళ్లు ఈ హాల్లో తప్పకుండా ఉంటారు. అందుకే ముందు ఒక బుష్ గురించి చెబుతాను.

అల్యూమినియం బుష్, అంటే షాఫ్టు ఇమిడే గుండ్రటి గొట్టం ముక్క, వ్యాసం వంద మిల్లీమీటర్లు. డ్రాయింగ్‌లో ఇచ్చిన టాలరెన్స్, అంటే కొలతలో ఒప్పుకునే తేడా, 15 మైక్రాన్లు. మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మే నెల మధ్యాహ్నం, రేకుల షెడ్డు, లోపల 38 డిగ్రీలు. కుర్రాడు శ్రద్ధగా మైక్రోమీటరు పెట్టి చూశాడు, కొలత అచ్చంగా సరిపోయింది. పార్టు కస్టమర్ దగ్గరికి వెళ్లింది, తిరిగొచ్చింది. ఏం జరిగింది? ప్రపంచమంతటా కొలతలకు ప్రామాణికంగా పెట్టుకున్న ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. 38 నుంచి 20కి దిగితే ఆ అల్యూమినియం ముక్క 40 మైక్రాన్లకు పైనే ముడుచుకుంటుంది. కుర్రాడి చేతిలోని స్టీలు మైక్రోమీటరు అందులో సగమే ముడుచుకుంటుంది. తేడా 20 మైక్రాన్లు. టాలరెన్సే 15 అయితే ఇక చెప్పేదేముంది? కుర్రాడిదీ తప్పు కాదు, మిషన్‌దీ తప్పు కాదు.

దీనికి మందు ఏమిటో మీకూ తెలుసు. రాత్రీ పగలూ 20 డిగ్రీలు తప్పని గది, అందులో ఒక సీఎంఎం (పార్టును అన్ని వైపులా తాకి మైక్రాన్లలో కొలిచే మిషన్), దాన్ని నడపడం తెలిసిన మనిషి. పది లేత్‌లున్న యూనిట్ ఆ ఖర్చు ఒంటరిగా మోయలేదు, మోసినా ఆ మిషన్‌కి నెలలో నాలుగు రోజుల పని కూడా ఉండదు. వంద యూనిట్లకు కలిపి ఒకటుంటే చాలు. ప్రజల డబ్బు ఇలాంటి వాటికి పెట్టాలనడానికి ఇంతకంటే పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు.

పెట్టడం లేదా అంటే పెడుతున్నారు. ఎక్కడ పెడుతున్నారన్నదే నా పేచీ. ఒకచోట ఉన్న చిన్న యూనిట్ల కోసం పెట్టిన క్లస్టర్ పథకాల కింద, అందరూ కలిసి వాడుకునే కామన్ ఫెసిలిటీ సెంటర్ కట్టుకుంటే భవనానికి, మిషన్లకు కేంద్రం ఉదారంగానే గ్రాంటు ఇస్తుంది. ఆ తర్వాత నడుపుకోవడం మాత్రం సభ్యులు పెట్టుకున్న కంపెనీ పని, వాడుకునేవాళ్లు కట్టే ఫీజులతో వెళ్లదీసుకోవాలి. ప్రారంభోత్సవం నాడు రిబ్బను కత్తిరించడానికి అందరూ వస్తారు. రెండో ఏడాది క్యాలిబ్రేషన్ బిల్లు, అంటే మిషన్ సరిగ్గా కొలుస్తోందో లేదో సరిచూసే ఖర్చు, వచ్చిన రోజున ఎవరూ కనిపించరు.

ఒక సెంటర్‌లో నేను కళ్లారా చూశాను, పేరు అనవసరం. సీఎంఎం ప్రోబ్ కొనకు ఆవగింజంత కెంపు గుండు ఉంటుంది, పార్టును తాకేది అదే. అది విరిగింది. కొత్తది కొనాలంటే పద్దు లేదు, ఉన్న పద్దు యంత్రాల కొనుగోలుది, విడిభాగాలకు వాడకూడదు. అంత ఖరీదైన మిషన్ మీద గుడ్డ కప్పి ఉంచారు. ఆ గుండు కోసం ఉత్తరాలు నడుస్తుండగానే, మిషన్ నేర్చుకున్న అమ్మాయి కాంట్రాక్టు గడువు ముగిసి బెంగళూరు వెళ్లిపోయింది. నన్నడిగితే కెంపు విరగడం కన్నా అది పెద్ద నష్టం. గుండు మార్కెట్లో దొరుకుతుంది, ఆ అమ్మాయి నేర్చుకున్నది దొరకదు.

ఈ ఊరికి ఈ విషయం కొత్తగా చెప్పాల్సిన పని లేదు. మనం నిలబడ్డ నేలే ప్రభుత్వ లాబుల మీద లేచింది. తార్నాకలో రసాయన పరిశోధన చేసే ఐఐసీటీ ఉంది కదా, అది 1944లో నిజాం ప్రభుత్వం మొదలుపెట్టిన లాబొరేటరీ. 1956లో కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ కిందికి వచ్చి రీజినల్ రీసెర్చ్ లాబొరేటరీ అయింది, ఇప్పటికీ పాతకాపులు దాన్ని ఆర్ఆర్ఎల్ అనే అంటారు. మొదట్లో అక్కడ పనంతా ఈ ప్రాంతంలో దొరికే సరుకు మీదే: బొగ్గు, నూనెగింజలు, పింగాణీ మట్టి. 1960లలో సోవియట్ సాయంతో ఇక్కడే, బాలానగర్ పక్కన, ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ వచ్చింది. అంజిరెడ్డి గారు అందులో పనిచేసి బయటికొచ్చిన మనిషే, డాక్టర్ రెడ్డీస్ పెట్టింది 1984లో. మందుకు కాక దాన్ని తయారుచేసే పద్ధతికే పేటెంటు అన్న 1970 పేటెంట్ చట్టం మన కంపెనీలకు తలుపు తెరిచిన మాట నిజం. కానీ ఆ తలుపులోంచి నడవడానికి రియాక్టర్ దగ్గర చేయి కాల్చుకున్న కెమిస్టులు ఉండాలి కదా, వాళ్లను తయారుచేసింది ప్రజల జీతాలే.

ఐఐసీటీలోనే ఎ.వి. రామారావు గారి బృందం ఎయిడ్స్ మందు ఏజెడ్‌టీకి సొంత పద్ధతి కనిపెడితే మందుల కంపెనీ సిప్లా దాన్ని తీసుకుని తయారుచేసింది. ఒక కంపెనీ తన తలుపు తట్టేంత నమ్మకం ఆ లాబుకు ఎలా వచ్చింది? నలభై ఏళ్లకు పైగా ఏటా ఆగకుండా జీతాలు, రసాయనాలు, కరెంటు బిల్లు కట్టినందువల్ల. మూడేళ్ల ప్రాజెక్టు ఇచ్చి, నాలుగో ఏడు మీ తిప్పలు మీరు పడండంటే రామారావు గారైనా ఏం చేస్తారు?

జర్మనీలో ఫ్రౌన్‌హోఫర్ సంస్థ అని ఉంది, 1949లో పెట్టారు. దేశమంతా డెబ్బైకి పైగా ఇన్‌స్టిట్యూట్లు, ఒక్కోటి ఒక్కో పరిశ్రమకు దగ్గరగా. వాళ్ల రాబడి లెక్క మోటుగా చెప్పాలంటే మూడు సమాన వంతులు. దాదాపు ఒక వంతు ప్రభుత్వం బేషరతుగా ఇస్తుంది, అందులోనూ కేంద్రం 90 శాతం, రాష్ట్రాలు 10 శాతం. ఇంకో వంతు కంపెనీల కాంట్రాక్టుల నుంచి రావాలి, మిగిలింది ప్రభుత్వ ప్రాజెక్టులకు పోటీపడి తెచ్చుకోవాలి. ఆ మొదటి వంతుతో గది చల్లగా ఉంటుంది, అమ్మాయి ఉద్యోగం నిలుస్తుంది. రెండో వంతు లేకపోతే లాబు నిద్రపోతుంది. పూర్తిగా ప్రభుత్వమే పోషించే లాబుల్లో సాయంత్రం ఐదింటికి తాళం పడటం మనం చూసిందే. కాబట్టి అంతా ఉచితంగా ఇవ్వమని నేను అడగను.

తైవాన్ కథ మీరు వినే ఉంటారు, చిప్పుల కోసమని ఈ మధ్య అందరూ చెబుతున్నారు. అక్కడి ప్రభుత్వ పారిశ్రామిక పరిశోధన సంస్థ ఇట్రీ 1973లో మొదలైంది. 1976లో అమెరికా కంపెనీ ఆర్‌సీఏ నుంచి చిప్పుల టెక్నాలజీ కొని, దాంతోపాటు తన ఇంజనీర్లను అక్కడికి శిక్షణకు పంపింది. ఆ సంస్థలోంచే 1980లో యూఎంసీ, 1987లో టీఎస్ఎంసీ అనే చిప్పుల కంపెనీలు పుట్టాయి. ఆ రెండో దానికి తొలి పెట్టుబడిలో దాదాపు సగం ప్రభుత్వానిదే. వాళ్లు మిషన్‌తో పాటు మనుషుల మీదా ఖర్చుపెట్టారు, నేను చూపించదలచుకున్నది అదే.

ఇక మన సంగతి. 2020-21 లెక్కల ప్రకారం దేశం పరిశోధన మీద పెట్టిన మొత్తం జీడీపీలో 0.64 శాతం. ఈ అంకె ప్రతి సభలోనూ వినిపిస్తుంది. నాకు మాత్రం అదే లెక్కల్లో ఇంకో గడి మీద కన్ను పడింది: ఆ ఖర్చులో రాష్ట్ర ప్రభుత్వాల వాటా 7 శాతం కూడా లేదు. పరిశ్రమలను మా రాష్ట్రానికి రమ్మని విదేశాలు తిరిగే ముఖ్యమంత్రులు ఏ రాష్ట్రానికైనా ఉన్నారు. భూమి ఇస్తారు, నీళ్లిస్తారు, పన్ను రాయితీ ఇస్తారు. పక్క వీధిలో ఉన్న యూనిట్ పార్టు ఎందుకు రిజెక్టయిందో చెప్పే లాబు గురించి పారిశ్రామిక విధానంలో నాలుగు వాక్యాలకు మించి వెతికినా దొరకవు.

కేంద్రం కొత్తగా లక్ష కోట్ల పరిశోధన నిధి ప్రకటించింది, 2025 జులైలో మంత్రివర్గం ఆమోదించింది. మంచిదే. కానీ అది ఎక్కువగా అప్పు రూపంలో, తక్కువ వడ్డీకి, ఇప్పటికే ఒక దశ దాటిన టెక్నాలజీలకు ఇచ్చేది. కెంపు గుండుకి ఆ డబ్బు రాదు.

నడిచే నమూనా మన దగ్గర అసలు లేదా అంటే ఉంది, చెరువు గట్టున ఉంది. భీమవరం వైపు రొయ్యల రైతు పట్టుబడికి ముందు రొయ్యల శాంపిల్ పట్టుకెళ్లి, సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ ఎంపెడా లాబులో ఇస్తాడు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి నిషేధిత యాంటీబయాటిక్స్ ఉన్నాయేమో చూస్తారు. యూరప్‌కి వెళ్లే సరుక్కి ఆ సర్టిఫికెట్ తప్పనిసరి. రొయ్య ఎదురుచూడదు, రిపోర్టు ఆలస్యమైన ప్రతి రోజూ మేత ఖర్చే. అందుకని లాబు చెరువుల దగ్గరే పెట్టాల్సి వచ్చింది, రోజూ నడపాల్సి వచ్చింది. అక్కడ కిట్లు అయిపోతే రైతు ఊరుకోడు. మన సీఎంఎం మీద గుడ్డ కప్పితే మనం ఊరుకున్నాం.

విశాఖలో మెడ్‌టెక్ జోన్ 270 ఎకరాల్లో పెట్టారు. వైద్య పరికరాల కంపెనీలను అక్కడికి లాగిన వాటిలో ఒకటి, అందరికీ కలిపి కట్టిన పరీక్షా కేంద్రాలు. విద్యుదయస్కాంత పరీక్షలు, గామా రేడియేషన్‌తో స్టెరిలైజేషన్ చిన్న కంపెనీ తానుగా పెట్టుకోగలిగినవి కావు.

ప్రైవేటు లాబులున్నాయిగా, ప్రభుత్వం వాళ్ల కడుపు కొట్టడం ఎందుకని మీలో ఒకరు ఇందాక టీ దగ్గర అన్నారు. సబబైన మాటే. లోహం ఎంత లాగితే తెగుతుందో చూసే టెన్సైల్ టెస్టు, కాఠిన్యం లాంటివి ప్రైవేటువాళ్లు బాగానే చేస్తున్నారు, వాటి జోలికి వెళ్లొద్దు. వాళ్లకు గిట్టుబాటు కానివి, గిరాకీ నెలకు పదిసార్లే ఉన్నా లేకపోతే ఆర్డరే పోయేవి, వాటికే ప్రజల డబ్బు.

ప్రీ-బడ్జెట్ వినతిపత్రంలో మీ సంఘం ఏటా కొత్త భవనం అడుగుతోంది. ఈసారి దాన్ని కొట్టేయండి. ఉన్న సెంటర్‌కి అయిదేళ్ల నిర్వహణ గ్రాంటు అడగండి, ఖర్చులో మూడో వంతు, రాష్ట్రం పద్దు నుంచి. అందులో ఇద్దరు శాశ్వత ఇంజనీర్ల జీతం, క్యాలిబ్రేషన్, లాబు నాణ్యతకు ఇచ్చే ఎన్ఏబీఎల్ గుర్తింపు ఖర్చు, కరెంటు విడివిడిగా రాయండి. బదులుగా మీరు ఒప్పుకోవాల్సింది కూడా రాయండి: ఏటా ఫీజుల రాబడి ఫలానా మొత్తానికి తగ్గితే గ్రాంటు కూడా తగ్గించుకోవచ్చని. ఈ షరతు మీకు రుచించదని తెలుసు. ఇది లేకుండా అడిగితే ఆర్థిక శాఖ ఫైలు తిప్పి పంపుతుంది, పంపడం న్యాయం కూడా.

ఫీజు గంటకా, పార్టుకా అన్న దానిమీద మీలోనే రెండు వర్గాలున్నాయని విన్నాను. నేను గంట వైపు. పార్టు లెక్కన వద్దంటానికి కారణం అడిగితే చెబుతాను, ముందు పార్టు వైపువాళ్లు మాట్లాడండి.