టెస్టర్ తెచ్చిన కబురు ఎక్కడ ఆగిపోతోంది?

అందరికీ నమస్కారం.

సంస్థల్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌ని, క్వాలిటీ పద్ధతుల్ని ఎలా మెరుగుపరచుకోవాలో మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ మాట వినగానే చాలామందికి ముందు టూల్స్ గుర్తొస్తాయి. ఏ ఆటోమేషన్ టూల్ కొనాలి, ఎంతమంది టెస్టర్లు కావాలి, టెస్ట్ కేసులు ఎక్కడ దాచుకోవాలి. అవన్నీ అవసరమే. కానీ చాలా ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాక నాకు ఒకటి బాగా అర్థమైంది. బగ్, అంటే సాఫ్ట్‌వేర్‌లోని తప్పు, దొరక్క జరిగే నష్టం కంటే, దొరికిన బగ్ గురించిన కబురు దాన్ని సరిచేయగల మనిషి దాకా చేరక జరిగే నష్టమే ఎక్కువ. ఈ రోజు దాని గురించే చెప్తాను.

1986 మార్చి. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం, టైలర్ అనే ఊళ్లో ఒక క్యాన్సర్ ఆసుపత్రి. అక్కడ థెరాక్-25 అనే రేడియేషన్ మెషీన్ ఉంది. ఆపరేటర్ కంప్యూటర్ ముందు కూర్చుని పేషెంట్ వివరాలు కొడుతోంది. ఎలక్ట్రాన్ చికిత్సకు ‘ఇ’ కొట్టాల్సిన చోట అలవాటు కొద్దీ ఎక్స్‌రే కోసం కొట్టే ‘ఎక్స్’ పడింది. వెంటనే చూసుకుంది. బాణం గుర్తు కీతో పైకి వెళ్లి, అక్షరం మార్చి, మిగతా గళ్లన్నీ ఎంటర్ కొట్టుకుంటూ దాటేసింది. రోజూ చేసే పని కదా, చెయ్యి చకచకా కదిలింది. చికిత్స మొదలవగానే మెషీన్ ఆగింది. తెర మీద ‘మాల్‌ఫంక్షన్ 54’ అని వచ్చింది. అదేంటో వివరంగా చెప్పే కాగితం ఆమె దగ్గర లేదు. అలాంటి మెసేజీలు తరచుగా వచ్చేవే. కొనసాగించడానికి ‘పి’ నొక్కింది. లోపల ఉన్న పేషెంట్‌కి అందాల్సిన దానికంటే ఎన్నో రెట్లు రేడియేషన్ తగిలింది.

కంపెనీ ఇంజనీర్లు వచ్చి చూశారు. ఎన్ని రకాలుగా ప్రయత్నించినా వాళ్లకి ఆ 54 రాలేదు. ఈ మెషీన్ అంత మోతాదు ఇవ్వడం అసాధ్యమన్నారు. మెషీన్ మళ్లీ వాడుకలోకి వచ్చింది. ఏప్రిల్ 11న మరో పేషెంట్‌కి అదే జరిగింది. అదే ఆపరేటర్, అదే 54. ఆ ఇద్దరు పేషెంట్లూ బతకలేదు.

రెండోసారి జరిగాక ఆసుపత్రి ఫిజిసిస్ట్ ఆ ఆపరేటర్‌తో కలిసి కూర్చున్నాడు. ఆ రోజు ఏం కొట్టావో, ఎలా కొట్టావో మళ్లీ అలాగే కొట్టు అన్నాడు. మళ్లీ మళ్లీ చేసి చూశారు. చివరికి తెలిసింది, కిటుకంతా వేగంలో ఉందని. మెషీన్‌లో అయస్కాంతాలు సర్దుకోవడానికి దాదాపు 8 సెకన్లు పడుతుంది. ఆలోపే ఎడిట్ చేయడం పూర్తయిపోతే ఆ మార్పును ప్రోగ్రామ్ సరిగ్గా పట్టుకోవడం లేదు. చెయ్యి తిరిగిన ఆపరేటర్‌కి మాత్రమే వచ్చే బగ్ అది. మెల్లగా, జాగ్రత్తగా టైప్ చేసే ఇంజనీరుకి ఎన్నాళ్లు కూర్చున్నా రాదు. ఇంకో సంగతి కూడా తర్వాత బయటపడింది. అంతకుముందు మోడల్ థెరాక్-20 సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే తప్పు ఉంది. కానీ అందులో విడిగా హార్డ్‌వేర్ రక్షణ ఉండేది కాబట్టి ఎవరికీ హాని జరగలేదు. కొత్త మోడల్‌లో సాఫ్ట్‌వేర్ చూసుకుంటుందిలే అని ఆ రక్షణ తీసేశారు. 1985 నుంచి 1987 వరకు ఈ మెషీన్లతో మొత్తం ఆరు ప్రమాదాలు జరిగాయి.

ఇందులో నన్ను ఎప్పుడూ కలవరపెట్టే మాట ఒక్కటే. ‘రీప్రొడ్యూస్ కావడం లేదు.’ అంటే, మేం చేసి చూస్తే ఆ తప్పు మళ్లీ రావడం లేదని. ఈ మాట రాసి మనం రోజుకి ఎన్ని బగ్‌లు మూసేస్తున్నామో ఆలోచించండి.

ఇప్పుడు నా సొంత అనుభవం ఒకటి చెప్తాను. ఒక సంస్థలో డబ్బు చెల్లించే పేజీ మీద పని చేస్తున్నాం. రిలీజ్‌కి మూడు వారాల ముందు, మా టీమ్‌లో చేరి ఏడాది కూడా కాని ఒక టెస్టర్ ఒక బగ్ రెయిజ్ చేసింది. టైటిల్ ‘డబుల్ క్లిక్ ఇష్యూ’. ఏ బగ్ ముందు సరిచేయాలో తేల్చే ట్రయాజ్ మీటింగులో 60 బగ్‌లు ఉన్నాయి, టైమేమో గంట. దీని వంతు వచ్చేసరికి ఎవరో అన్నారు, ‘యూజర్ అలా రెండుసార్లు ఎందుకు నొక్కుతాడు? లో ప్రయారిటీ పెట్టేయండి.’ నేనూ తలూపాను. ఆ అమ్మాయి ఏదో చెప్పబోయింది. అప్పటికే తర్వాతి బగ్‌కి వెళ్లిపోయాం.

రిలీజ్ అయిన రెండో రోజు నెట్‌వర్క్ నెమ్మదించింది. బటన్ నొక్కినవాళ్లకి తెర మీద ఏమీ కదల్లేదు. ఏమీ కదలకపోతే మనిషన్నవాడు ఏం చేస్తాడు? మళ్లీ నొక్కుతాడు. సాయంత్రానికి సపోర్ట్ టీమ్ ఫోన్లు ఆగలేదు. డబ్బు రెండేసి సార్లు కట్ అయిందని ఒకటే ఫిర్యాదులు. ఆ రాత్రి పాత బగ్ తెరిచి చదివాను. అడుగున నాలుగో లైన్లో ఆ అమ్మాయి స్పష్టంగా రాసింది, నెట్ స్లో చేసి చూస్తే రెండు లావాదేవీలు నమోదవుతున్నాయని. మేం టైటిల్ దాటి చదవలేదు.

తర్వాత ఆమెతో కూర్చుని ఆ టైటిల్ మళ్లీ రాశాం. ‘నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు బటన్ రెండోసారి నొక్కితే డబ్బు రెండుసార్లు పోతోంది.’ ఈ వాక్యం చదివి ఎవరైనా లో ప్రయారిటీ పెట్టగలరా? ఆ రోజు నుంచి మా దగ్గర బగ్ టైటిల్‌లో మూడు విషయాలు ఉండాలి: ఎప్పుడు జరుగుతోంది, ఏం జరుగుతోంది, ఎవరికి నష్టం. అలాగే బగ్ వాయిదా వేసేవాళ్లు తమ పేరుతో ఒక వాక్యం రాయాలి. ఇది ప్రొడక్షన్‌లో, అంటే జనం నిజంగా వాడే చోట, జరిగితే ఏమవుతుందో రాసి, ఆ తర్వాతే వాయిదా వేయాలి. పెద్ద ఖర్చేం లేదు. కానీ ఆ వాక్యం రాయడానికి కూర్చున్నాక వాయిదా వేయకుండా సరిచేసిన బగ్‌లు చాలా ఉన్నాయి.

కబురు ఎంత తొందరగా వస్తే అంత మేలు. అందుకే టెస్టర్‌ని చివర్లో పిలిచే పద్ధతి నాకు నచ్చదు. కోడ్ రాయకముందే పిలవాలి. ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో చెప్పే రిక్వైర్‌మెంట్‌లో ‘18 ఏళ్లు దాటినవారే దరఖాస్తు చేయాలి’ అని ఉందనుకోండి. దాటడమంటే ఏమిటి? 18 నిండితే చాలా, 19లోకి రావాలా? ఈ రోజే పుట్టినరోజైతే? ఫిబ్రవరి 29న పుట్టినవాళ్లకి మామూలు సంవత్సరంలో ఏ రోజుతో నిండినట్టు? దరఖాస్తు చేసే మనిషి ఒక దేశంలో, సర్వర్ ఇంకో దేశంలో ఉంటే ఎవరి అర్ధరాత్రి లెక్క? డెవలపర్ ఒకలా అనుకుని రాస్తాడు, టెస్టర్ ఇంకోలా అనుకుని టెస్ట్ చేస్తుంది, రిక్వైర్‌మెంట్ రాసినవాళ్ల మనసులో మూడోది ఉంటుంది. చివరికి అది బగ్గా కాదా అని రెండు రోజుల వాదన. అదే ఈ ముగ్గురూ పని మొదలుపెట్టకముందు అరగంట కలిసి కూర్చుంటే ఆ వాక్యం అక్కడికక్కడే మారిపోతుంది. నేను చూసిన మార్పులన్నిటిలో తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఈ అరగంటే.

పాత కోడ్‌ని కొత్త చోట వాడేటప్పుడు ఈ ప్రశ్నలు ఇంకా అవసరం. 1996 జూన్ 4న ఏరియాన్-5 రాకెట్ మొదటి ప్రయాణంలోనే, 40 సెకన్ల లోపు పేలిపోయింది. దిశ చూపే వ్యవస్థలో సాఫ్ట్‌వేర్ ఏరియాన్-4 నుంచి తెచ్చుకున్నది. అక్కడ ఏళ్ల తరబడి బాగా పని చేసింది. కొత్త రాకెట్ వేగం వేరు కావడంతో ఒక విలువ 16 బిట్లలో పట్టనంత పెద్దదైంది. అంటే 32,767 దాటింది. పక్కన బ్యాకప్ ఉంది కానీ అందులోనూ అదే సాఫ్ట్‌వేర్, అదీ అలాగే పడిపోయింది. ఆ వ్యవస్థను ఏరియాన్-5 అసలు ప్రయాణపు లెక్కలతో టెస్ట్ చేయలేదని విచారణలో తేలింది. ‘ఇది ఆల్రెడీ ప్రొడక్షన్‌లో ఉంది కదా, టెస్ట్ చేయక్కర్లేదు’ అని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఈ రాకెట్టే గుర్తొస్తుంది.

ఇక ఆటోమేషన్. రిగ్రెషన్ టెస్టులు, అంటే కొత్త మార్పు వల్ల పాతవి చెడిపోలేదని మళ్లీ చూసే టెస్టులు, చేత్తో చేసే రోజులు పోవాలి, అందులో నాకు సందేహం లేదు. కానీ ఆటోమేషన్ పెట్టాక ఏడాదికి ఏమవుతుందో మీలో చాలామందికి తెలుసు. కొన్ని టెస్టులు ఒకసారి పాస్ అవుతాయి, ఏ మార్పూ లేకుండానే ఇంకోసారి ఫెయిల్ అవుతాయి. వీటినే ఫ్లేకీ టెస్టులు అంటున్నాం. లెక్క వేసి చూడండి. మీ దగ్గర 1,000 టెస్టులు ఉన్నాయి. ఒక్కోటి వెయ్యిసార్లలో ఒక్కసారే ఊరికే ఫెయిల్ అవుతుందనుకుందాం. వినడానికి చాలా చిన్న లోపం. కానీ వెయ్యి టెస్టులూ కలిపి నడిపితే, వంద బిల్డుల్లో దాదాపు 63 ఏ కారణం లేకుండానే ఎర్రగా, అంటే ఫెయిల్ అయినట్టు, కనిపిస్తాయి. అప్పుడు టీమ్ ఏం చేస్తుంది? ‘మళ్లీ రన్ చెయ్యి, అదే పోతుంది’ అంటుంది. మనం చిన్నప్పుడు విన్న నాన్నా పులి కథే. నిజంగా పులి వచ్చిన రోజున కూడా మళ్లీ రన్ నొక్కుతారు.

దీనికి నైట్ క్యాపిటల్ కంటే పెద్ద ఉదాహరణ నాకు తెలియదు. అమెరికాలో షేర్ల వ్యాపారం చేసే సంస్థ. 2012 ఆగస్టు 1న కొత్త కోడ్ వాడకంలోకి వస్తోంది. ఎనిమిది సర్వర్లలో ఏడింటికే అది చేరింది. మిగిలిన ఒక్కదాంట్లో ఏళ్ల కిందట వాడడం మానేసిన కోడ్ అలాగే ఉంది. కొత్త కోడ్‌ని ఆన్ చేయడానికి వాడిన ఫ్లాగ్ అనే గుర్తు, ఆ పాత కోడ్‌ని నిద్రలేపింది. మార్కెట్ తెరిచాక దాదాపు 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం. ఆ ఉదయం మార్కెట్ తెరవకముందే వాళ్ల సిస్టమ్ లోపల ఉద్యోగులకి 97 ఈమెయిళ్లు పంపింది, ఏదో తేడాగా ఉందని. అవి హెచ్చరికలుగా చూసేలా ఏర్పాటు చేసినవి కావు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. కబురు వచ్చింది. 97 సార్లు వచ్చింది.

కాబట్టి నా సలహా కొంచెం కటువుగా ఉంటుంది. ఫ్లేకీ టెస్టు దొరికిన రోజే దాన్ని ప్రధాన వరస నుంచి తీసి పక్కన పెట్టండి. రెండు వారాల్లో సరిచేయలేకపోతే డిలీట్ చేయండి. టెస్టుల సంఖ్య తగ్గిందని టెన్షన్ పడొద్దు. ఎర్ర రంగు కనిపించగానే చేతిలో పని ఆపి లేచి చూసే టీమ్‌కి 300 టెస్టులు చాలు.

సంఖ్యల మాట వచ్చింది కాబట్టి ఒక మాట. టెస్టర్ ఎన్ని బగ్‌లు పట్టిందో లెక్కపెట్టి రేటింగ్ ఇవ్వకండి. అలా చేస్తే అక్షర దోషాలు వందల్లో వస్తాయి, మూడు రోజులు తవ్వితే గానీ దొరకని బగ్ జోలికి ఎవరూ పోరు. కవరేజ్, అంటే కోడ్‌లో టెస్టులు నడిపించే వాటా, 100 శాతం ఉండాలని రూల్ పెట్టినా అంతే. ప్రతి లైనునీ నడిపించి, వచ్చిన జవాబు ఒప్పో తప్పో చూడని టెస్టులు రాయొచ్చు. అలాంటివి నేను చూశాను. కోడ్‌లో కావాలని ఒక ‘ప్లస్’ని ‘మైనస్’ చేసి మొత్తం టెస్టులు నడిపి చూడండి. ఒక్కటి కూడా ఫెయిల్ కాలేదంటే ఆ కవరేజ్ ఎంత నిజమో మీకే తెలుస్తుంది.

ఎంత చేసినా కొన్ని బగ్‌లు తప్పించుకుని ప్రొడక్షన్‌కి వెళ్తాయి. టెస్టింగ్ బగ్‌లు ఉన్నాయని చూపగలదు గానీ లేవని చూపలేదని కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా అర్ధ శతాబ్దం కిందటే చెప్పారు. అందుకే రిలీజ్ చేసే పద్ధతి కూడా క్వాలిటీ పనిలో భాగమే. 2024 జూలై 19న కంప్యూటర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక అప్‌డేట్ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి. ఆ ఫైల్‌ని తనిఖీ చేసే సాఫ్ట్‌వేర్‌లోనే తప్పు ఉండడంతో అది బాగానే ఉందని దాటిపోయింది, ఆ పైన అందరికీ ఒకేసారి వెళ్లింది. ముందు కొద్దిమందికి పంపి కాసేపు ఆగి చూసి ఉంటే, నష్టం ఆ కొద్దిమంది దగ్గరే ఆగేది.

బగ్ తప్పించుకున్నాక జరిగే మీటింగులో ‘దీన్ని ఎవరు టెస్ట్ చేశారు’ అని మొదటి ప్రశ్న పడిందంటే, వచ్చే నెల నుంచి మీకు కబుర్లు రావడం తగ్గిపోతుంది. ఎవరి భయం వాళ్లది. ‘ఈ విషయం మనలో ఎవరికైనా ముందే అనుమానంగా అనిపించిందా, అనిపిస్తే ఎవరితో చెప్పారు’ అని అడగండి. నేను కూర్చున్న అలాంటి మీటింగుల్లో చాలాసార్లు ఎవరో ఒకరు మెల్లగా, ‘నాకు అనిపించింది సార్, కానీ...’ అన్నారు. ఆ ‘కానీ’ తర్వాత వచ్చేదే మీరు బాగు చేయాల్సిన ప్రాసెస్. ఒకసారి అది టెస్ట్ డేటా లేకపోవడం, ఒకసారి డెడ్‌లైన్, ఒకసారి పోయినసారి చెప్పినప్పుడు అందరూ నవ్వడం.

రేపు ఆఫీసుకి వెళ్లాక ఒక పని చేయండి. మీ బగ్ లిస్టులో ‘రీప్రొడ్యూస్ కాలేదు’ అని మూసేసినవి పది తీయండి. వాటిని రాసినవాళ్ల దగ్గరికి మీరే వెళ్లండి, మీటింగు పెట్టి పిలవకండి. పక్కన కుర్చీ వేసుకుని, కీబోర్డ్ వాళ్ల చేతికే ఇచ్చి, ఆ రోజు ఎలా చేశారో అదే వేగంతో మళ్లీ చేయమనండి. మధ్యలో మాట్లాడకుండా చూడండి. పదిలో ఎన్ని తిరిగి తెరవాల్సి వచ్చిందో నాకు రాస్తే సంతోషిస్తాను. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.