గీజరు దగ్గర మొదలయ్యే లెక్క

అందరికీ నమస్కారం.

ఫ్యాను ఆగిపోతే మనం ‘కరెంటు పోయింది’ అంటాం. నిజానికి పోయింది వోల్టేజీ. ఏమీ తగిలించని సాకెట్‌కు స్విచ్ వేసి ఉంచితే అక్కడ కరెంటు సున్నా, వోల్టేజీ మాత్రం 230 అలాగే ఉంటుంది. మాటల్లో ఎలా అన్నా ఫరవాలేదు గానీ, చేతిలో మీటరు ఉన్నప్పుడు ఈ రెండింటినీ కలిపేస్తే లెక్క తప్పుతుంది.

సూత్రాలు పదో తరగతిలో చదివినవే. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే నిరోధం వస్తుంది, గుణిస్తే పవరు వస్తుంది. మొదటిది 1827 నాటి ఓమ్ పుస్తకంలోది. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే పుట్టే వేడి తెలుస్తుందని 1841లో జౌల్ చూపించాడు. ఇవి ఎవరూ మరిచిపోరు. పొరపాటంతా వోల్టేజీ, కరెంటు అనే ఆ రెండు అంకెల్నీ ఎక్కడ కొలిచాం, ఎప్పుడు కొలిచాం అన్న దగ్గరే వస్తుంది.

గీజరునే తీసుకుందాం. దాని మీద 230 వోల్టులు, 2000 వాట్లు అని ఉంటుంది. 2000ని 230తో భాగిస్తే కరెంటు 8.7 ఆంపియర్లు. 230ని 8.7తో భాగిస్తే ఎలిమెంటు, అంటే నీళ్లు కాచే తీగ, నిరోధం సుమారు 26.4 ఓములు. సాయంత్రం వోల్టేజీ 200కు పడిపోయిందనుకోండి. ఎలిమెంటు మారలేదు, నిరోధం అదే. కరెంటు 7.6కి దిగుతుంది, పవరు 1510 వాట్ల దగ్గరికి వస్తుంది. వోల్టేజీ తగ్గింది 13 శాతమే అయినా పవరు దాదాపు నాలుగో వంతు పోయింది, ఎందుకంటే పవరు వోల్టేజీ వర్గంతో నడుస్తుంది. 25 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 55కు కాగడానికి 26 నిమిషాలు చాలేది కాస్తా 35 నిమిషాలవుతుంది. గీజరు పాడైందని ఎలిమెంటు మార్చే ముందు వోల్టేజీ ఒకసారి చూడండి.

ఇప్పుడు అసలు సంగతి. ప్లగ్గు వేడెక్కుతోంది, కాలిన వాసన వస్తోంది అని పిలిస్తే, ఎలక్ట్రీషియన్లం మనం వెళ్లి సాకెట్లో మీటరు పెడతాం. 230 చూపిస్తుంది. ‘అంతా బాగానే ఉంది’ అనేస్తాం. బాగాలేదు! లోడు, అంటే కరెంటు వాడుకునే పరికరం, లేనప్పుడు కరెంటు లేదు, కరెంటు లేకపోతే వదులు జాయింటులో వోల్టేజీ పడదు. దొంగ ఇంట్లోనే ఉన్నాడు, కాకపోతే నిద్రపోతున్నాడు. గీజరు నడుస్తుండగా కొలవాలి.

గీజరు వేసి, బోర్డులోని ఎమ్‌సీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆగే స్విచ్) దగ్గర కొలిస్తే 228, సాకెట్ దగ్గర కొలిస్తే 219 వచ్చాయనుకుందాం. వైరు చుట్టూ పట్టుకుని కరెంటు కొలిచే క్లాంప్ మీటరులో 8.3 ఆంపియర్లు. దారిలో 9 వోల్టులు పోయాయి. 9ని 8.3తో భాగిస్తే 1.08 ఓములు. ఇందులో వైరు వాటా ఎంత? 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకు కిలోమీటరుకు సుమారు 7.4 ఓములు. బోర్డు నుంచి సాకెట్‌కు 15 మీటర్లయితే, ఫేజు, న్యూట్రల్ కలిపి 30 మీటర్లు, అంటే 0.22 ఓములు. చాలామంది న్యూట్రల్‌ను లెక్కలో వదిలేస్తారు. వెళ్లిన కరెంటు తిరిగి రావాలి కదా. వైరుకు పోయింది 1.8 వోల్టులు. మిగిలిన 7.2 వోల్టులు ఎక్కడో ఒక స్క్రూ కింద పోతున్నాయి. 7.2ని 8.3తో గుణిస్తే 60 వాట్లు. సోల్డరింగ్ ఐరన్ చాలావరకు 25 వాట్లది. అలాంటివి రెండు, ఇంకా కాస్త ఎక్కువే, గోడలోని ప్లాస్టిక్ డబ్బాలో వెలుగుతున్నాయన్నమాట. టేపు చుట్టినందువల్ల ఆ నిరోధం తగ్గదు. నల్లబడిన చివర కత్తిరించి, కొత్త రాగి తేలేదాకా గీకి, స్క్రూ బిగించి మళ్లీ కొలవాలి. సాకెట్ లోపలి స్ప్రింగు పట్టు వదిలేస్తే సాకెట్టే మార్చాలి.

కొలిచేటప్పుడు జరిగే తప్పులు మూడు చెబుతాను. క్లాంపులో ఫేజు ఒక్కటే ఉండాలి. రెండు వైర్లూ కలిపి పెడితే రెండు కరెంట్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా చూపిస్తుంది. చిన్న కరెంటు అయితే ఆ ఫేజు వైరును క్లాంపులోంచి పదిసార్లు తిప్పి, వచ్చిన అంకెను పదితో భాగించండి. మల్టీమీటరు ఎర్ర వైరు ఆంపియర్ల రంధ్రంలో మరిచిపోయి సాకెట్లో పెడితే అది నేరుగా షార్టు, ఫ్యూజు పోతే అదృష్టం. ఓములు కొలవాలంటే సరఫరా ఆపి, ఎలిమెంటు నుంచి ఒక వైరైనా విప్పాలి.

ఓముల కొలత కూడా అన్నిచోట్లా నమ్మదగింది కాదు. గీజరు నిక్రోమ్ తీగ చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా నిరోధం పెద్దగా మారదు. పాత 100 వాట్ల బల్బుకు వెలిగేటప్పుడు 529 ఓములు, చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే 40 ఓములకు అటూ ఇటూ. ఆ 40ని పట్టుకుని లెక్కేస్తే బల్బు 1300 వాట్లదని తేలుతుంది!

మోటారుకైతే ఈ భాగహారమే పనికిరాదు. వైండింగు నిరోధం కొద్ది ఓములే; కరెంటును అదుపులో ఉంచేది అయస్కాంత క్షేత్రం. వోల్టేజీని కరెంటుతో గుణించాక పవర్ ఫ్యాక్టరుతో, అంటే అందులో నిజంగా పవరుగా మారే వంతుతో, కూడా గుణించాలి. 230 వోల్టులు, 6 ఆంపియర్లు, 0.8 అనుకుంటే 1380 కాదు, 1104 వాట్లు. వోల్టేజీ తగ్గితే గీజరు తక్కువ కరెంటు తీసుకుంటుంది. నీళ్లు తోడే మోటారు అదే పని చేయాలి కాబట్టి ఎక్కువ లాగుతుంది. కరెంటు 20 శాతం పెరిగితే వైండింగులో వేడి 44 శాతం పెరుగుతుంది. లైను చివరన ఉన్న బోరు మోటార్లు కాలిపోయేది చాలావరకు ఇందుకే. కరెంటు మితిమీరితే మోటారును ఆపేసే స్టార్టరు ఓవర్‌లోడు రిలే మాటిమాటికీ పడుతోందని దాని సెట్టింగు పెంచడం, కాపలా కుక్క అరుస్తోందని దాని నోరు కట్టేయడమే.

మీ లెక్క సరైందో కాదో చెప్పే సాక్షి ఇంట్లోనే ఉంది. ఎలక్ట్రానిక్ కరెంటు మీటరు మీద యూనిట్‌కు 3200 మిణుకులని రాసి ఉంటే, మిగతావన్నీ ఆపేసి గీజరు ఒక్కటే వేయండి. ఎర్ర లైటు నిమిషానికి 107 సార్లు మిణుకుమంటే గంటకు రెండు యూనిట్లు, అంటే సరిగ్గా 2000 వాట్లు.

ఈ బల్ల మీద గీజరు ఎలిమెంటు, నీళ్ల డ్రమ్ము, కావాలని వదులుగా బిగించిన ఒక సాకెట్ పెట్టాం. ఇద్దరు ముందుకు రండి. ముందు ఎమ్‌సీబీ ఆఫ్‌లో ఉందో లేదో చూసి చెప్పండి.