సుగ్గి బతుకును బొంత మీద కుడితే

[తెర మీద: తెల్లారుజామున కోసిగి. లారీలోకి మూటలు, వంట గిన్నెలు, నిద్రమత్తులో పిల్లలు]

వాయిస్: కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, కోసిగి, కౌతాళం, మంత్రాలయం వైపు, వానలు మొహం చాటేసిన ఏడాది ఊళ్లకు ఊళ్లు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతాయి. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి. ఇంటికి ముసలోళ్లు కాపలా, పిల్లలేమో బడి మానేసి అమ్మానాన్నల వెంట. ఈ వార్త పేపర్లో ఏటా వస్తుంది. చదివి పేజీ తిప్పేస్తాం.

తిప్పలేకుండా చేయాలంటే ఎట్లా? దక్షిణ అమెరికా దేశం చిలీలో ఆడవాళ్లు ఏం చేశారో చూడండి.

[తెర మీద: గోనెపట్ట మీద గుడ్డముక్కలతో కుట్టిన వీధి, కొండలు, మనుషులు]

వాయిస్: 1973లో అక్కడ సైన్యం అధికారం లాక్కుంది. రాజధాని శాంటియాగోలోని పేదల వాడల్లో ఎంతోమందిని పట్టుకెళ్లారు, కొందరి ఆచూకీ ఇప్పటికీ లేదు. మిగిలినవాళ్లకు పనుల్లేవు. అప్పుడు ఆడవాళ్లు చర్చి అండతో ఒకచోట కూర్చుని, తాము చూసిందే పాత బట్టల ముక్కలతో కుట్టారు. మూతబడ్డ ఫ్యాక్టరీ, వాడంతా కలిసి వండుకునే కుండ, భర్త కోసం జైలు గేటు దగ్గర నిలబడ్డ భార్య. అక్కడి పేపర్లు రాయలేనిది ఆ గుడ్డలు చెప్పాయి. అవి విదేశాల్లో అమ్ముడయ్యాయి. సంగతి లోకానికి తెలిసింది, కుట్టినవాళ్ల ఇంట్లో పొయ్యి వెలిగింది.

బయటి కళాకారుడు గోడ మీద బక్కచిక్కిన పిల్లాణ్ని వేస్తే మనకు జాలి పుడుతుంది, అంతే. సుగ్గికి పోయొచ్చిన అక్క కుడితే లెక్కలు బయటికొస్తాయి: కూలీలను తీసుకెళ్లే మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు ఎంత, చేతికొచ్చిన కూలి ఎంత, గుడారం దగ్గర నీళ్లున్నాయా, బిడ్డ ఏ తరగతిలో ఆగిపోయింది. వాటికి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి.

[తెర మీద: పాత చీరల పొరలు, సూది, అవ్వ చేతులు]

వాయిస్: బొంత కుట్టడం మన అవ్వలకు ఒకరు నేర్పాలా? సుగ్గి నుంచి తిరిగొచ్చాక పొదుపు సంఘంలో తలా ఒక జానెడు ముక్క కుట్టండి. అన్నీ కలిపితే పెద్ద బొంత.

అక్టోబర్ 17 ప్రపంచ పేదరిక నిర్మూలన దినం. 1987లో అదే రోజు పారిస్‌లో పేదల కోసం లక్షమందికి పైగా గుమిగూడారు. 1992లో ఐక్యరాజ్యసమితి ఆ రోజును గుర్తించింది. ఆ రోజున బొంతను కలెక్టరేట్ ముందు పరవండి. అడిగేది సూటిగా ఉండాలి: పంట పోయిన వెంటనే ఊళ్లోనే పని, ఊళ్లో ఉండిపోయే పిల్లలకు హాస్టలు.

ఒక జాగ్రత్త. మేస్త్రితో మళ్లీ పని పడుతుంది కాబట్టి ఎవరి పేరూ కుట్టొద్దు. చిలీలోనూ చాలామంది తమ పేర్లు పెట్టలేదు. ఫొటో తీసేముందు కుట్టినవాళ్లను అడగండి. ఎవరైనా కొంటే, డబ్బు వాళ్ల చేతికే.