చీకటి దారిలో హెలికాప్టర్లు

అందరికీ నమస్కారం. కమాండోల సాహసం గురించి చాలా వింటాం. వాళ్లను అక్కడ దించి, మళ్లీ వెనక్కి తెచ్చే హెలికాప్టర్ సిబ్బంది ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. ఈ రోజు వాళ్ల గురించే చెబుతాను.

1980 ఏప్రిల్ 24. టెహ్రాన్‌లో బందీలైన అమెరికన్లను విడిపించడానికి నిమిట్జ్ నౌక మీంచి ఎనిమిది హెలికాప్టర్లు లేచాయి. కనీసం ఆరు ఉంటేనే పని ముందుకు సాగుతుంది. రోటర్ రెక్కలో లోపముందన్న హెచ్చరిక రావడంతో ఒకదాన్ని ఎడారిలోనే వదిలేశారు. ఇంకొకటి దుమ్ము మేఘాల్లో చిక్కుకుని వెనుదిరిగింది. ఇరాన్ ఎడారిలో అందరూ కలుసుకోవాల్సిన 'డెజర్ట్ వన్' అనే చోటికి చేరిన ఆరింటిలో ఒకదానికి హైడ్రాలిక్స్ (ద్రవ ఒత్తిడితో నడిచే నియంత్రణ వ్యవస్థ) పాడయ్యాయి. మిగిలినవి ఐదే. ఆపరేషన్ రద్దు చేసి బయల్దేరుతుండగా ఒక హెలికాప్టర్ పక్కనున్న విమానాన్ని ఢీకొంది. ఎనిమిది మంది చనిపోయారు.

హెలికాప్టర్లు నేవీవి, పైలట్లు ఎక్కువగా మెరైన్లు, ఎక్కాల్సినవాళ్లు ఆర్మీ కమాండోలు. వీళ్లంతా ఒకచోట చేరి మొత్తం ఆపరేషన్‌ను ఒక్కసారైనా రిహార్సల్ చేసుకోలేదు. ధైర్యానికి లోటు లేదు, కలిసి పనిచేసిన అలవాటే లేదు. నా దృష్టిలో అసలు లోపం అదే.

ఆ చేదు అనుభవంలోంచే 'నైట్ స్టాకర్స్' అనే అమెరికా ఆర్మీ హెలికాప్టర్ దళం పుట్టింది. ఇప్పుడది 160వ రెజిమెంట్, స్థావరం ఫోర్ట్ క్యాంప్‌బెల్. వాళ్ల నియమం ఒకటే: గమ్యానికి చెప్పిన టైముకు 30 సెకన్లు అటూ ఇటూ, అంతే. అంతకుమించి తేడా రాకూడదు.

చీకట్లో దిగడం ఎలా ఉంటుందో చూడండి. నైట్ విజన్ గాగుల్స్‌లో సుమారు 40 డిగ్రీల మేరే కనిపిస్తుంది, దూరం సరిగ్గా అంచనాకు అందదు. నేల దగ్గరికొచ్చేసరికి రోటర్ గాలికి దుమ్ము లేచి కమ్మేస్తుంది. పైలట్‌కు ఇక నేల కనిపించదు. తలుపు దగ్గర ఒరిగి కిందికి చూసే క్రూ చీఫ్ ఎత్తు చెబుతుంటాడు: పది అడుగులు, ఐదు, మూడు. పైలట్ ఆ గొంతును నమ్మి దించుతాడు. ఆ నమ్మకం ఏళ్ల తరబడి కలిసి ఎగిరితేనే వస్తుంది.

2011 మే 2న పాకిస్తాన్‌లోని అబొట్టాబాద్‌లో, బిన్ లాడెన్ కోసం జరిగిన దాడిలో, నైట్ స్టాకర్స్ నడిపిన ఒక బ్లాక్ హాక్ హెలికాప్టర్ ఎత్తైన గోడల మధ్య లిఫ్ట్ (గాల్లో నిలిపే బలం) కోల్పోయింది. పైలట్ దాన్ని బోల్తా పడనీయకుండా ముక్కును నేలకు ఆనించి దించేశాడు. లోపలున్నవాళ్లంతా క్షేమం. పని ఆగలేదు. ఇలాంటిది జరగొచ్చని ముందే అనుకుని, దూరంగా చినూక్ అనే పెద్ద హెలికాప్టర్లను సిద్ధంగా ఉంచారు. వాటిలో ఒకటి వచ్చి వాళ్లను ఎక్కించుకుపోయింది.